తెలియని కొండబాటలో సైకిల్ దింపే ముందు

వానలు వెనకబడి, వలిసె పూలు విరగబూసే వేళకి విశాఖ నుంచి అరకు, పాడేరు వైపు కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్లేవాళ్లు ఎక్కువవుతారు. ఘాట్ రోడ్డు మీద తొక్కుకుని వచ్చేస్తే పెద్దగా భయం లేదు. మ్యాప్‌లో సన్నటి చుక్కల గీత చూసి, ఇదెటు పోతుందో చూద్దామని హ్యాండిల్ తిప్పితేనే లెక్క మారుతుంది.

మన కొండల్లో ఓ తిరకాసు ఉంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంటుంది. కారు పైన ఆపుతాం కాబట్టి చాలా బాటలు మొదలవడమే దిగుడుతో మొదలవుతాయి. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ జారుకుంటూ పోతాం, ఎక్కుడంతా అలిసిపోయాక మిగులుతుంది. ఒకసారి అనంతగిరి దగ్గర కాఫీ తోటల పక్కనుంచి నలభై నిమిషాలు హాయిగా దిగాను. బాట గెడ్డ (కొండవాగు) దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అవతలి గట్టున దారి జాడే లేదు. సైకిల్ తోసుకుంటూ, బండలున్న చోట భుజాన వేసుకుంటూ పైకి చేరేసరికి మూడు గంటలు పట్టింది.

అప్పటినుంచి కొత్త బాటని మొదటిసారి కింది ఊరి నుంచి ఎక్కుతూనే చూస్తున్నాను. ఎక్కడ మనసు మారినా వెనక్కి రావడం తేలిక. అలా కుదరకపోతే, దిగడానికి పట్టిన సమయానికి కనీసం మూడింతలు తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. డిసెంబర్ మొదట్లో ఇక్కడ సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది. లోయలో, చెట్ల కింద అంతకన్నా ముందే చీకటి. అందుకని మధ్యాహ్నం ఒంటిగంట అయిందంటే బాట ఎంత బాగున్నా వెనక్కి తిరగాల్సిందే. "ఇంకొక్క మలుపు చూసొద్దాం" అనే మిత్రుడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. వాడికి బయల్దేరే ముందే చెప్పి ఉంచండి.

మ్యాప్ ముందు రోజే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఎత్తు చూపే గీతలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట వాలు నిటారుగా ఉంటుంది. శాటిలైట్ ఫొటో ఎండాకాలంలో తీసిందైతే, అందులో తెల్లగా కనిపించే బాట మీద ఇప్పుడు మనిషెత్తు గడ్డి ఉండొచ్చు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు విపరీతంగా కూలాయి. తుఫాను వెళ్లిన వెంటనే కొత్త బాట పట్టకపోవడం మంచిది. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే సిగ్నల్ వెతుక్కుంటూనే ఫోన్ చచ్చిపోతుంది.

మ్యాప్ కన్నా ఊళ్లోవాళ్ల మాట నమ్మకం. అయితే అడిగే తీరు ఉంది. "దారి ఉందా?" అంటే "ఉంది బాబూ" అనే అంటారు. వాళ్లు కట్టెలమోపుతో నడిచే దారి ఉన్నమాట నిజమే కదా! "అటు మోటార్‌సైకిల్ వెళ్తుందా? ఈ వారంలో ఎవరైనా వెళ్లారా? గెడ్డలో నీళ్లు ఎంతవరకు వస్తున్నాయి?" అని అడగండి. కిలోమీటర్లు అడక్కండి, నడిస్తే ఎంతసేపో అడగండి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. పోలీసులు ఆపి ఎక్కడికని అడగొచ్చు, గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

గెడ్డ సంగతి విడిగా చెప్పాలి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే నీరు పెరుగుతుంది. తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా అడుగు పెట్టొద్దు. జోరుగా పారే నీరు మోకాలిదాకా వచ్చిందంటే వెనక్కి తిరగడమే. తక్కువ నీటిలో దాటేటప్పుడు కూడా సైకిల్ దిగి, బ్యాగు బకిల్ విప్పుకుని, సైకిల్‌ని దిగువ వైపు పట్టుకోండి. ఎగువ వైపు ఉంటే నీటి తోపుకి వచ్చి మీ కాళ్లకే తగులుతుంది. పొద్దున దాటిన గెడ్డ సాయంత్రం దాటనిస్తుందన్న హామీ ఏమీ లేదు.

అడవిలో ఎలుగుబంటి కన్నా నాకు పొలాల అంచున కరెంటు తీగంటేనే ఎక్కువ భయం. అడవిపందుల కోసం చట్టవిరుద్ధంగా రాత్రిళ్లు తీగలకి కరెంటు పెట్టేవాళ్లున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాటికి మనుషులు బలైపోయారు. చీకటి పడ్డాక పొలం గట్ల మీదుగా అడ్డదారి పట్టొద్దు. ఎలుగు విషయానికొస్తే తెల్లవారుజామున, సందెవేళ జాగ్రత్త. మలుపుల్లో బెల్లు కొట్టండి, గట్టిగా మాట్లాడుకోండి, ఇయర్‌ఫోన్స్ తీసేయండి. పాము కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే పని.

చేర్చడం ఎలా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. 108 రోడ్డుదాకానే వస్తుంది. రోడ్డు లేని కొండ ఊళ్లలో గర్భిణుల్ని కూడా డోలీలో మోసుకొస్తారని పేపర్లలో చదువుతూనే ఉంటాం. మీ కాలు విరిగినా అదే డోలీ, కోత పనులు మానుకుని వచ్చిన అదే మనుషులు. కాబట్టి ఒంటరిగా వెళ్లొద్దు. ముగ్గురుంటే ఒకరు దెబ్బ తగిలినవాళ్ల దగ్గర ఉంటారు, ఒకరు ఊరికి పరిగెడతారు. బాటలో కనీసం సగం వేగానికి తగ్గించండి. చూపు ఆననంత వాలు, ఎండుటాకుల కింద గులకరాళ్లు కనిపిస్తే దిగి నడవండి, అందులో నామోషీ ఏమీ లేదు.

సామాన్ల జాబితా అందరికీ తెలిసిందే: ట్యూబు, పంపు, అతుకులు, చైన్ లింకు, హెడ్‌ల్యాంపు, ఓఆర్ఎస్, మూడు లీటర్ల నీళ్లు. మర్చిపోయేది మాత్రం గేరు హ్యాంగర్, అంటే వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క. రాయి తగిలి వంగేది అదే, ఒక్కో సైకిల్‌కి ఒక్కో రకం ఉంటుంది. కొండ మీద దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకుండా మీ మోడల్‌ది ముందే కొనుక్కోండి. బ్రేకు ప్యాడ్‌లు కూడా బయల్దేరే ముందు చూసుకోండి.

చివరగా, కారు ఎక్కడ ఆపారో, ఏ ఊరి దగ్గర బాట పట్టారో ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. ఎన్నింటిదాకా కంగారు పడకూడదో, ఎన్నింటి తర్వాత ఆగకూడదో కూడా చెప్పండి. మా ఇంట్లో అది రాత్రి ఏడు. అందుకే పైకి చేరగానే సిగ్నల్ దొరికిన మొదటి చోట ఆగి ఫోన్ చేస్తాను. టీ ఆ తర్వాతే.