పిక్క పట్టేయడం ఇలా తగ్గింది

కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడుస్తాను. కాస్త వేగం పెంచితే చాలు, కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయేది. మాదాపూర్‌లో రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. బిగుసుకోక ఏం చేస్తుంది!

ఫిజియో చెప్పింది ఇదీ: నడకకు ముందు ఒకే భంగిమలో చాలాసేపు సాగదీసి ఉంచొద్దు, అలా చేస్తే కండరం బలం కాసేపు తగ్గుతుంది. ముందు మెల్లగా నడిచి, కాళ్లు ఊపి, మడమలెత్తి దించాలి. అసలు స్ట్రెచింగ్ నడక అయ్యాక, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడే.

నాకు పనిచేసింది గోడ స్ట్రెచ్. అరచేతులు గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అదిమి, మోకాలు నిటారుగా ఉంచి 30 సెకన్లు. ఇది పైనున్న పెద్ద కండరానికి. తర్వాత అదే మోకాలు కాస్త వంచి ఇంకో 30. అప్పుడు లాగుడు కిందికి, మడమ వైపు దిగుతుంది. చాలామంది ఈ రెండోది వదిలేస్తారు. నా నొప్పి ఉన్నదేమో అక్కడే. వెనక పాదం వేళ్లు బయటికి తిరగకూడదు. ఊగొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. లాగినట్టుండాలి గానీ పొడిచినట్టు కాదు.

కొన్ని వారాలకు పట్టేయడం తగ్గింది. అనుకోని లాభం ఇంకోటి: బాల్కనీలో కుండీలు సర్దేటప్పుడు మడమలు లేవకుండా గొంతుక్కూర్చోగలుగుతున్నాను. చీలమండ కీలు బాగా వంగితేనే అది కుదిరేది.

ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మాత్రం సాగదీయకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. రక్తం గడ్డకట్టినా అలాగే ఉంటుంది.