ఏసీకి కరెంటు లైన్ లాగించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సినవి

ఏప్రిల్ వచ్చిందంటే బెజవాడలో ఏసీ బిగించే కుర్రాళ్ళు దొరకరు, దొరికినా రోజుకి నాలుగిళ్ళు ఒప్పేసుకుని పరుగుల మీద ఉంటారు. గోడకి బ్రాకెట్ కొట్టి, కాపర్ పైపు కలిపి, చల్లగాలి వస్తోందా అని చెయ్యి పెట్టి చూసి వెళ్ళిపోతారు. కరెంటు సంగతి అడిగితే "పాయింట్ ఉంది కదండీ" అంటారు. ఆ పాయింట్ వెనకాల ఏ వైరుందో మాత్రం ఎవరూ చూడరు.

మేం పటమటలో అద్దెకున్నప్పుడు మా బెడ్రూంలో కూడా పాయింట్ ఉంది. రెండో వేసవిలో ఓ రాత్రి ప్లాస్టిక్ మాడిన వాసనొస్తే, ముందు డీబీలో (ఇల్లంతటికీ కరెంటు పంచే బోర్డులో) మెయిన్ కిందికి దించేసి ఆ తర్వాత ప్లగ్గు పీకితే, సాకెట్టులో ఒక కన్నం చుట్టూ గోధుమరంగుకి తిరిగిపోయి ఉంది, ప్లగ్గు పిన్ను నల్లబడింది. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పితే న్యూట్రల్ స్క్రూ వదులు, దాని పక్కన రెండంగుళాల మేర వైరు తొడుగు అప్పడంలా పెళుసెక్కి వేలు తగిలితే రాలిపోతోంది. ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చి, ఒక్కసారి కూడా పడలేదు. ఎందుకు పడుతుందండీ, అక్కడ కరెంటేం ఎక్కువ పోవట్లేదు కదా, ఏసీ మామూలుగా లాగే ఏడెనిమిది ఆంపులే ఆ వదులు జాయింటు దగ్గర వేడి పుట్టిస్తోంది. ఎంసీబీకి ఎక్కువ ఆంపులు వెళ్తేనో, షార్టయితేనో తెలుస్తుంది గానీ స్క్రూ వదులైతే తెలీదు. పైగా ఆ పాయింటుకి లైను బాత్రూం గీజర్ దగ్గర్నుంచి లూప్ కొట్టి తెచ్చారని కూడా అప్పుడే బయటపడింది!

ముందే ఒక మాట, డీబీ విప్పడం, సాకెట్ మార్చడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. మీరు చెయ్యాల్సింది ఏం చెయ్యమని అడగాలో తెలుసుకోవడం, చేసేటప్పుడు పక్కన నిలబడడం.

ఏసీ లైను డీబీ నుంచి సొంతంగా రావాలి, మధ్యలో గీజరు గానీ మిక్సీ పాయింటు గానీ తగలకూడదు. ఒకటిన్నర టన్నుకి ఫేజు, న్యూట్రల్ రెండూ 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు అడగండి, ఎర్త్‌కి కనీసం 2.5. ఒక టన్నుకి, అదీ డీబీ దగ్గర్లోనే ఉంటే, 2.5 తోనే సరిపెట్టొచ్చు, కానీ గోడ ఎలాగూ పగలగొడుతున్నప్పుడు ఆ తేడా డబ్బులు చూసుకోకండి. పాత ఇళ్ళల్లో లైట్లకి వేసిన సన్న వైరునే ఏసీకి కూడా వాడేస్తారు, బ్రాడీపేటలో మా బాబాయి వాళ్ళింట్లో ఇలాగే ఉంటే మొత్తం మార్పించాం. ఎంసీబీ సీ రకం 20 ఆంపులు, దానికంటే ముందు 30 మిల్లీ ఆంపుల ఆర్సీసీబీ. షాక్ కొట్టకుండా కాపాడేది ఆర్సీసీబీ, వైరు కాలకుండా కాపాడేది ఎంసీబీ, ఒకటుంది కదా అని రెండోది మానెయ్యకండి. మాటిమాటికీ ఎంసీబీ పడుతోందని 32 పెట్టేస్తానంటే అస్సలు ఒప్పుకోకండి, అప్పుడు ఎంసీబీ నిలబడుతుంది, గోడలో వైరు కాలుతుంది. మామూలు సాకెట్ బదులు ఇనప ఏసీ బాక్సు (సాకెట్టూ ఎంసీబీ కలిసి ఉండే పెట్టె) పెట్టించుకోవడం నయం.

రెండో ఏసీ కొంటుంటే కరెంటు బిల్లులో కాంట్రాక్టు లోడ్ ఎన్ని కిలోవాట్లుందో చూసుకోండి, చాలకపోతే మన కరెంటు కంపెనీ ఏపీసీపీడీసీఎల్‌కి అదనపు లోడ్ దరఖాస్తు పెట్టాలి.

ఇంక పని మొదలెట్టేముందు కరెంటు ఆపడం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, ఎందుకంటే మన ఇళ్ళల్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటుంది, మెయిన్ ఆపేశాం అనుకుంటాం గానీ హాల్లో ఫ్యాన్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది. డీబీలోకి ఇన్వర్టర్ లైను కూడా వస్తుంది కాబట్టి దాన్ని కూడా ఆపించండి, ఆపిన ఎంసీబీ మీద టేపు అంటించి "పని జరుగుతోంది" అని రాయండి, లేకపోతే ఫ్యాన్ ఆగిపోయిందని ఇంట్లో ఎవరో ఒకరు పైకి లేపేస్తారు. టెస్టర్‌ని ముందు కరెంటున్న పాయింటులో పెట్టి లైటు వెలుగుతుందో లేదో చూసి, ఆపిన చోట చూసి, మళ్ళీ కరెంటున్న చోట చూడమనండి. చచ్చిన టెస్టర్ కూడా "కరెంటు లేదు" అనే చెప్తుంది మరి. అలాగే నడుస్తున్న ఏసీ ఆపిన వెంటనే అవుట్‌డోర్ యూనిట్ మూత తియ్యనివ్వకండి, లోపల కెపాసిటర్లలో చార్జి కాసేపు ఉండిపోతుంది, ఎంతసేపు ఆగాలో మాన్యువల్లో ఉంటుంది.

ఎర్త్ గురించి కొంచెం గట్టిగా పట్టుబట్టండి. మూడో పిన్నుకి ఆకుపచ్చ వైరు కనిపిస్తుంది గానీ రెండో కొస ఎక్కడికీ పోని ఇళ్ళు బోలెడు, ఇంకొందరు తెలివిగా దాన్ని సాకెట్లోనే న్యూట్రల్‌కి కలిపేస్తారు, ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఏసీ బాడీ మొత్తానికి కరెంటొచ్చేస్తుంది. మల్టీమీటర్‌తో కొలిచి చూపించమనండి, ఫేజుకీ న్యూట్రల్‌కీ 230 దగ్గర్లో, ఫేజుకీ ఎర్త్‌కీ కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటో రెండో వోల్టులు. ఈ చివరిది పదో ఇరవయ్యో చూపిస్తుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. అన్నీ బాగున్నంత మాత్రాన ఎర్త్ గట్టిగా ఉన్నట్టు కాదు, దానికి ఎర్త్ టెస్టర్ మీటరు వేరే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే కింద ఎర్త్ గొయ్యి ఎక్కడుందో వాచ్‌మన్‌ని అడగండి, మా దగ్గర దానిమీద పూలకుండీ పెట్టేశారు! రోహిణి కార్తెకి భూమి ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పనిచెయ్యదు, వారానికి రెండు బిందెల నీళ్ళు పోయించండి.

లోపలి యూనిట్ నుంచి బయటి యూనిట్‌కి వెళ్ళే కేబుల్ ఒకే ముక్కగా ఉండాలి, మధ్యలో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు వద్దు, వాన నీళ్ళు దిగితే అంతే సంగతులు. రెండు వైపులా టెర్మినల్ నంబర్లు చూసి ఒకటికి ఒకటి, రెండుకి రెండు కలపాలి. ఇన్వర్టర్ ఏసీల్లో ఇవి తారుమారైతే రెండు యూనిట్ల మధ్య మాటలుండవు, డిస్‌ప్లే మీద ఏదో ఎర్రర్ కోడ్ వచ్చి ఆగిపోతుంది, కుర్రాడేమో బోర్డు పోయిందండీ అంటాడు, ముందు వైర్లు చూడమనండి. బయటి యూనిట్‌లోకి దూరే ముందు కేబుల్‌ని కాస్త కిందికి వేలాడేలా వంచితే నీళ్ళు అక్కడే కారిపోతాయి.

2024 సెప్టెంబర్లో బుడమేరు నీళ్ళొచ్చిన సింగ్ నగర్ వైపు ఇళ్ళయితే మునిగిన సాకెట్లు, ఎంసీబీలు ఆరబెట్టి వాడకండి, ఇంకా ఉంటే మార్పించేయండి, కొత్తవాటిని పైకి పెట్టించండి.

బిగించాక ఏసీని 18లో పెట్టి ఓ గంట ఆడించి, ఆపేసి, ప్లగ్గు వెనక భాగం ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడుంటే అప్పుడే, ఎలక్ట్రీషియన్ ఇంకా బండి స్టార్ట్ చెయ్యకముందే, పైకి పిలిచి స్క్రూలు మళ్ళీ బిగించమనండి.