పలాసలో జీడిపప్పును రుచి చూసి కొనే పద్ధతి

పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లో జీడిపప్పు తయారుచేసే చిన్న పరిశ్రమలు వీధివీధినా కనిపిస్తాయి కానీ, చిల్లరగా కొనదలచినవారికి ఒక్కొక్క పరిశ్రమ గడప ఎక్కడం సాధ్యం కాదు. అందుకని పలు పరిశ్రమల సరుకును ఒకేచోట పెట్టి అమ్మే దుకాణానికి వెళ్లి, అక్కడ రకరకాల పప్పును నోట్లో వేసుకుని చూసి కొనడమే అనువైన మార్గం. శ్రీకాకుళం రోడ్ స్టేషనులో రైలెక్కి పలాసలో దిగవచ్చు, లేదా జాతీయ రహదారి మీదుగా బస్సులో కాశీబుగ్గ చేరవచ్చు. దారిలో మందస కోవా దొరికితే కొనుక్కోండి, తినడం మాత్రం తిరుగు ప్రయాణానికి వాయిదా వేయండి. కోవా తిన్న నాలుకకు ఎంత మంచి జీడిపప్పైనా చప్పగానే తోస్తుంది.

దుకాణంలో ముందుగా వినిపించేవి 180, 210, 240, 320 అనే అంకెలు. ఇవి రుచికి ఇచ్చిన మార్కులు కావు. ఒక పౌను బరువుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు, అంటే విరగని పూర్తి పప్పులు, తూగుతాయో ఆ లెక్క మాత్రమే. కనుక అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. అనుమానం ఉంటే 100 గ్రాములు తూయించి లెక్కపెట్టండి. 320 రకమైతే 66 నుంచి 70 దాకా, 240 రకమైతే 48 నుంచి 53 దాకా రావాలి. 180 రకమైతే నలభైకి లోపే ఉండాలి. మొహమాటపడవలసిన పని లేదు. ఒకసారి నేను సంచి పైపొరను చూసి మురిసిపోయి రెండు కిలోలు కట్టించుకున్నాను. ఇంటికి వచ్చి విప్పితే అడుగున సగానికి సగం బద్దలూ ముక్కలే ఉన్నాయి. అప్పటినుంచి చేయి అడుగుదాకా పెట్టి తీసిన గుప్పెడునే చూస్తున్నాను.

ఆ గుప్పెటను నోటి కంటే ముందు ముక్కు దగ్గరికి తీసుకోవాలి. పాత నూనె వాసన ఏమాత్రం తగిలినా ఆ సంచిని వదిలేయండి, ఎందుకంటే వేయించినా నేతిలో ముంచినా ఆ వాసన పోదు. తరువాత ఒక గుండును వేళ్లతో విరవండి. బాగా ఆరిన పప్పు టక్కున విరుగుతుంది. మెత్తగా సాగినట్టు వంగితే తేమ పట్టిందని అర్థం. ఇక నమలడం. ఉప్పు, కారం అద్దినవి ఆఖరున చూడాలి, పచ్చిపప్పుతోనే మొదలుపెట్టాలి. మంచి పప్పు మొదట పొడిగా నలిగి, నమిలేకొద్దీ పాలలాంటి తీపినిచ్చి, చివరికి వెన్నలా నాలుకకు పట్టుకుంటుంది. వగరు తగిలితే పొట్టు సరిగా ఒలవలేదన్నమాట, అది చిన్న లోపమే. గొంతులో చేదు మిగిలితే మాత్రం కొనకూడదు. రకానికీ రకానికీ మధ్య ఒక గుక్క మంచినీళ్లు తాగి, నాలుగైదు రకాలతో ఆపేయండి, ఆపైన నాలుకకు తేడా తెలియదు.

దుకాణదారుణ్ని అడగవలసిన ప్రశ్నలు రెండు. మొదటిది, పిక్క, అంటే పెంకుతో ఉన్న జీడిగింజ, ఎక్కడిది అని. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతపు తోటల్లో పిక్క వేసవిలోనే చేతికి వస్తుంది. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు ఆ తోటలు విపరీతంగా నేలకూలాయి కూడా. ఆఫ్రికా దేశాల పిక్క కూడా ఇక్కడి పరిశ్రమలకు వస్తుంది, అది తప్పేమీ కాదు, కానీ తెలిసి కొనడం వేరు. రెండవది, నా దృష్టిలో ముఖ్యమైనది, పప్పును ఎప్పుడు ఒలిచారు అని. పెంకులో ఉన్నంతకాలం పప్పు భద్రంగా ఉంటుంది, పాతబడడం ఒలిచాకే వేగంగా మొదలవుతుంది.

అనుమతి దొరికితే ఒక పరిశ్రమ లోపలికి కూడా వెళ్లి చూడండి. ఆవిరిలో ఉడికించి చల్లార్చిన పిక్కను కత్తుల మధ్య పెట్టి మీట నొక్కగానే పెంకు రెండుగా చీలుతుంది. అందులోంచి పప్పును విరగకుండా తీయడంలోనే ఆ పనిచేసే ఆడవాళ్ల నేర్పంతా ఉంటుంది. గుండుగా వస్తే ఒక ధర, బద్దగా విడిపోతే అంతకు తక్కువ ధర. పెంకులను మాత్రం ముట్టుకోవద్దు, వాటిలోని జీడి అనే జిడ్డు రసం చర్మాన్ని కాలుస్తుంది.

ఈ ధరల తేడా కొనేవారికి లాభమే. పులిహోరకూ పాయసానికీ బద్ద చాలు, గ్రేవీలో రుబ్బడానికి ముక్క చాలు, ఆరబెట్టేటప్పుడు కాస్త ఎర్రబారిన పప్పు వేయించుకోవడానికి బాగా పనికొస్తుంది. పెద్ద గుండ్లను పెళ్లి పళ్లేలకో, ఎవరికైనా ఇవ్వడానికో కొనుక్కుంటే సరిపోతుంది. ఇంటికి చేరాక పప్పును గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీసిన వెంటనే మూత తెరవకుండా, డబ్బా చల్లదనం తగ్గేదాకా ఆగితే లోపల చెమ్మ పట్టదు.