పాత పత్రిక చరిత్ర రాయాలంటే

పాత పత్రిక చేతికి రాగానే అందరూ సంపాదకీయం మీద పడతారు. నేనూ అంతే. ఆరు నెలలు పోయాక తెలిసింది, సంపాదకీయంలో ఉండేది ఆశయమే. పత్రిక బతుకంతా చందా, వెల, ముద్రాలయం పేరు వేసే చిన్న అక్షరాల పెట్టెలో ఉంటుంది. ముందు అది చూడండి.

ఒక నోటుపుస్తకం తీసుకుని సంపుటి, సంచిక, నెల, పుటలు, వెల, ముద్రాలయం అని గళ్లు గీయండి. పుటలు తగ్గినా, రెండు నెలలకు కలిపి ఒకే సంచిక వచ్చినా అక్కడ ఆగండి. డబ్బు కష్టమో కాగితం కరువో మొదలైన చోటు సాధారణంగా అదే.

హైదరాబాదు నగరంలో సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, సుందరయ్య విజ్ఞాన కేంద్రానికీ తప్పక వెళ్ళండి. అయితే బైండు చేసేవాళ్లు చాలాసార్లు అట్టలూ ప్రకటనలూ తీసేస్తారు. (వాళ్లకవి చెత్త, మనకు బంగారం.) అందుకే ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద విడి సంచికలు వెతకాలి. అక్కడ దొరికిన ఒక సంచిక వెనక అట్ట మీద ఎర్ర చీటీ అతికించి ఉంది: ‘ఈ సంచికతో మీ చందా ముగిసినది’. గోరుతో గీకినట్టున్నారు, సగమే ఊడింది.

హైదరాబాదు సంస్థానం నాటి కాగితాలలో, అప్పటి సర్కారు లెక్క అయిన ఫసలీ సంవత్సరాలుంటాయి. ఇంగ్లీషు సంవత్సరం రావడానికి 590 కలిపితే చాలనుకుని నేను బోర్లా పడ్డాను. ఇక్కడి ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక 1926 మే 10న మొదలైంది, అంటే ఫసలీ 1335. నా లెక్కలో అది 1925 అయి కూర్చుంది! చందా కూడా హాలీ సిక్కాలోనా (అంటే నిజాం సర్కారు రూపాయలలోనా), బ్రిటిషు రూపాయలలోనా అన్నది చూడాలి. అప్పట్లో ఏడు హాలీలు సుమారు ఆరు బ్రిటిషు రూపాయలు.

పేరు మారితే సంపుటి సంఖ్యను నమ్మవద్దు. బొంబాయిలో 1949లో మొదలైన ‘ఎకనామిక్ వీక్లీ’ 1965తో ఆగి, 1966లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’గా మళ్లీ ఒకటో సంపుటితో వచ్చింది.

గ్రంథాలయంలో ఉన్న చివరి సంచికే ఆఖరిదనుకోవద్దు. వ్యాసం కింద ‘సశేషం’ అని ఉంటే ఇంకోచోట వెతకండి. నేను వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం దాకా వెళ్ళాను. మరో రెండు దొరికాయి. రెండో దాని కిందా సశేషమే.