స్టీరింగ్ బరువెక్కిందా? కాలమ్ కొనే ముందు బోర్డు విప్పి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో నా బల్ల మీదికి వచ్చే స్టీరింగ్ కాలమ్‌లలో (స్టీరింగ్ చక్రం బిగించి ఉండే కడ్డీ, దాని తొడుగు) చాలావాటికి అసలు జబ్బు కాలమ్‌లో ఉండదు. ఈపీఎస్ (కరెంటుతో నడిచే పవర్ స్టీరింగ్) దీపం వెలుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, ‘మొత్తం కాలమ్ మార్చాలి’ అంటారు. ఆ ధర వినగానే యజమానికి గుండె ఆగినంత పనవుతుంది. ఆల్టో, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి చిన్న కార్లలో స్టీరింగ్‌కు నూనె పంపు ఉండదు. కాలమ్‌కు బిగించిన మోటారు, లోపల టార్క్ సెన్సర్ (చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో కొలిచేది), వాటిని నడిపే కంట్రోల్ బోర్డు, అంతే సరంజామా. ఒకటి చెడినా చాలాచోట్ల అన్నీ మార్చమంటారు.

ముందు కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి, అది చూపే లోపం కోడ్ రాసుకోండి. తుడిచేయడానికి తొందరపడకండి. స్టీరింగ్ కోడ్‌లు ‘సి’ అక్షరంతో మొదలవుతాయి. చవక స్కానర్లు చాలావరకు ఇంజనుకు చెందిన ‘పి’ కోడ్‌లే చదువుతాయి. వాటిని నమ్ముకుని ‘కోడ్ ఏమీ లేదు’ అనుకోవద్దు.

తర్వాత కరెంటు సంగతి. నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో కొలిస్తే ఎంత చెడ్డ ఎర్త్ అయినా 12 వోల్టులు బాగానే చూపిస్తుంది. భారం పడ్డప్పుడే దాని బండారం బయటపడుతుంది. అందుకే తాళంచెవి తీసేసి, బోర్డుకు వచ్చే లావు తీగల కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు పిన్నుల మధ్య 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు కలుపుతాను. బల్బు మసకగా వెలిగితే దోషం బోర్డుది కాదు. ఫ్యూజు కాళ్లు, బ్యాటరీ టెర్మినల్, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు చూడాలి. బోల్టు విప్పి కింద రంగు, తుప్పు గీకి మళ్లీ బిగిస్తే తీరిపోయిన కేసులు చాలా చూశాను. బల్బు కాళ్లు మాత్రం కనెక్టర్ రంధ్రాల్లోకి బలవంతంగా దూర్చకండి. పిన్ను వదులైతే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నీళ్లలో మునిగిన కార్లు నెలల తర్వాత కూడా ఈ జబ్బుతో వచ్చాయి. కార్పెట్ ఆరింది, కనెక్టర్ ఆరలేదు. పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడితే కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి బ్రష్ వాడండి. గరుకు కాగితం పెట్టారంటే పైపూత పోయి చిలుము మళ్లీ పట్టేస్తుంది.

ఇక బోర్డు. విప్పే ముందు కారు ముందు చక్రాలు తిన్నగా పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగండి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మీటర్ తగిలించకూడదు. కాలమ్ దించేటట్లయితే స్టీరింగ్ చక్రం తిరగకుండా కట్టేసి, కింది జాయింటు దగ్గర గుర్తు పెట్టుకోండి. చక్రం వదులుగా తిరిగితే దాని వెనకున్న క్లాక్ స్ప్రింగ్ (హారన్, ఎయిర్‌బ్యాగ్ కరెంటును తిరిగే చక్రానికి చేర్చే తీగచుట్ట) రిబ్బన్ తెగుతుంది.

మూత తీశాక భూతద్దం పట్టుకుని, లైటు ఏటవాలుగా వేసి చూడండి. ముందుగా లావు రిలే కాళ్లు, తర్వాత మోటారు టెర్మినళ్లు, కాయిల్, పెద్ద కెపాసిటర్లు. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి, పైగా గతుకుల అదురు తోడై, బరువైన భాగాల కాళ్ల దగ్గర టంకం విడుతుంది. కాలి చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్ల వలయం, కుండకు జీర పడ్డట్టు కనిపిస్తుంది. లైటు ఒకవైపు నుంచే పడితే అది కంటికి ఆనదు, బోర్డును నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. కర్రపుల్లతో ఆ కాలిని తాకితే కదులుతుంది కూడా.

పాత టంకం మీదే కొత్తది పూయకండి. పూర్తిగా పీల్చేసి, ఫ్లక్స్ రాసి, తాజాగా పెట్టండి. ఈ లావు రాగి పట్టీలకు 25 వాట్ల ఐరన్ చాలదు, 60 వాట్లది కావాలి. రిలే లోపలి కాంటాక్టులు కాలి ఉంటే గీకి సర్దకుండా అదే నంబరు రిలే వేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బోర్డు లాకరు (తేమ చేరనివ్వని వార్నిష్) పూసి ఆరనివ్వండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే బాత్రూమ్ సిలికాన్ పూసి తెచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది రాగిని తినేస్తుంది.

రెండింటిని నేను బాగు చేయను. టార్క్ సెన్సర్ ఉండే టార్షన్ బార్ (తిప్పినప్పుడు కొద్దిగా మెలితిరిగే కడ్డీ) భాగాన్ని విప్పను. అది చెడితే కాలమ్ మార్చాల్సిందే. హారన్ మోగక, ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా వెలిగితే క్లాక్ స్ప్రింగ్‌ను అనుమానించాలి. దాని రిబ్బన్‌ను అతికించకూడదు, ఎయిర్‌బ్యాగ్ పేలాల్సిన కరెంటు వెళ్లేది అందులోంచే. ఎవరు ఎంత బతిమాలినా కొత్తదే.

బిగించేటప్పుడు జాయింటు బోల్టును మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే బిగించి, స్కానర్‌తో సెన్సర్ సున్నా సరిచేయండి. లేకపోతే స్టీరింగ్ తనంతట తానే ఒకవైపు లాగుతుంది. ఆ తర్వాత కారును మధ్యాహ్నం ఎండలో అద్దాలు మూసి నిలబెట్టి, లోపల సెగ పుట్టాక స్టార్ట్ చేసి, ఖాళీ స్థలంలో స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరికి పదే పదే తిప్పండి. దీపం వెలగకపోతేనే రోడ్డు ఎక్కించండి.