నిటారు కొండ నడక – 5వ పాఠం: దిగుడు

ఈ పాఠం దిగుడు గురించి. అయితే నాలుగో పాఠంలోని ‘ఆగే అడుగు’ (ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకూ ఒక క్షణం ఆగే పద్ధతి) నేర్చుకుని ఒడిశాలోని మహేంద్రగిరి కొండకో, దేవమాలి కొండకో వెళ్లొచ్చినవాళ్లు రాసినవి చదివాక, దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లడం కుదరదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వాళ్లందరూ దాదాపు ఒకే మాట రాశారు. పిక్కలు పట్టేశాయి, శిఖరం చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది, దిగుతుండగా చీకటి పడింది. మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చినవే.

ఆగే అడుగులో విశ్రాంతి వెనక కాలిది. ఆ మోకాలు పూర్తిగా నిటారుగా ఉండాలి, బరువంతా దాని ఎముకల మీద నిలవాలి. ముందు పాదం పై మెట్టును తాకి ఉంటుంది కానీ దాని మీద బరువు ఉండదు. అలా ఒక సెకను ఆగి, ఆ తర్వాతే బరువు ముందుకు మార్చాలి. చాలామంది ముందు మోకాలు వంచి, బరువు దాని మీద వేసేసి ఆగుతున్నారు. అప్పుడు తొడ కండరం ఆగినంతసేపూ పనిచేస్తూనే ఉంటుంది, ఆగిన లాభం ఉండదు. పరీక్ష సులువు. ఆగిన క్షణంలో ముందు పాదాన్ని అంగుళం పైకెత్తండి. ఒళ్లు కదలకపోతే సరిగ్గా నిలబడ్డట్టే. ముందుకు తూలితే బరువు ముందుకు వెళ్లిపోయినట్టు.

పిక్కలు పట్టడానికి కారణం వేరు. మునివేళ్ల మీద ఎక్కుతున్నారు. వాలు ఎంత నిటారుగా ఉన్నా మడమ నేలకు ఆనాలి. అందుకోసం మడమ కింద చిన్న రాయో, వేరో దొరికేచోట అడుగు వేయండి, పాదాలు కాస్త బయటికి తిప్పండి. అదీ చాలకపోతే నేరుగా కాకుండా ఏటవాలుగా ఎక్కండి.

ఇక ఆలస్యం. పది నిమిషాలు ఉరికి పది నిమిషాలు కూర్చునే పద్ధతి మానేయండి. యాభై నిమిషాలు ఆగకుండా నడవలేకపోతే మీ నడక వేగం ఎక్కువైనట్టే. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆయాసపడకుండా చెప్పగలగాలి.

పైకి చేరే సమయాన్ని కిలోమీటర్లతో లెక్కేసుకున్నవాళ్లు అందరూ తప్పారు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. తర్వాతివాళ్లు దానికి చేర్చిన సవరణ ప్రకారం, దిగేటప్పుడు, వాలు 12 డిగ్రీలు మించితే, ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలపాలి. ఇది గట్టి నడక ఉన్నవాళ్ల లెక్క. వీపున సంచి, మన ఎండ, కొత్త కాళ్లు ఉంటే వచ్చినదాన్ని ఒకటిన్నరతో హెచ్చవేస్తాను, మీరూ అలాగే చేయండి.

దారి 7 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 900 మీటర్లు, ఆ ఎత్తంతా 12 డిగ్రీలు మించిన వాలు మీదే అనుకోండి. ఎక్కడానికి 1 గంట 24 నిమిషాలు, దానికి గంటన్నర కలిపితే 2 గంటల 54 నిమిషాలు. ఒకటిన్నర రెట్లు చేస్తే 4 గంటల 21 నిమిషాలు. దిగడానికి 1 గంట 24 నిమిషాలు, దానికి 30 నిమిషాలు కలిపితే 1 గంట 54 నిమిషాలు. ఒకటిన్నర రెట్లు చేస్తే 2 గంటల 51 నిమిషాలు. దిగడానికి ఎక్కినంతలో సగం కూడా పట్టదని అనుకున్నవాళ్లు ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పైన గంట, దారిలో విశ్రాంతికి ముప్పావుగంట కలిపితే మొత్తం తొమ్మిది గంటలు.

ఇప్పుడు వెనక నుంచి లెక్కించాలి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, పర్లాకిమిడి దానికి తూర్పున ఉంది. డిసెంబరులో అక్కడ అయిదుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. తూర్పు వాలు మీద కొండే సూర్యుణ్ని అడ్డుకుంటుంది కాబట్టి నీడ ఇంకా ముందే కమ్ముతుంది. అందుకని నాలుగుంబావుకు కింద ఉండాలి. అంటే పొద్దున్న ఏడింటికి ముందే బయలుదేరాలి. నాలుగుంబావులోంచి దిగే 2 గంటల 51 నిమిషాలు తీసేస్తే, మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, శిఖరం కళ్లెదుటే వంద మీటర్లలో ఉన్నా సరే. ఈ తిరుగు సమయాన్ని బయలుదేరకముందే నలుగురి ముందూ పైకి చెప్పండి. పైన తీసుకునే నిర్ణయం ఎప్పుడూ శిఖరం వైపే మొగ్గుతుంది.

దిగుడుకి వద్దాం. దిగేటప్పుడు ఊపిరి తేలిక, కాబట్టి పని తేలికనిపిస్తుంది. నిజానికి తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. కండరాన్ని ఎక్కువ దెబ్బతీసేది ఈ పనే. సగం దారిలో మోకాళ్లు వణకడం, మర్నాడూ ఎల్లుండీ మెట్లు దిగలేకపోవడం దీనివల్లే.

అడుగు చిన్నది వేయండి. మోకాలు ఎప్పుడూ కొద్దిగా వంగే ఉండాలి. ఎక్కేటప్పుడు నిటారు కాలు విశ్రాంతినిచ్చింది, దిగేటప్పుడు నిటారు కాలు దెబ్బను తిన్నగా మోకాటి కీలుకి చేరుస్తుంది. ఒళ్లు కాస్త ముందుకు వంచి, ముక్కు పాదాల మీదుగా ఉండేలా చూసుకోండి. భయంతో వెనక్కి వాలితే బరువు మడమల మీద పడి కాలు ముందుకు జారుతుంది. కంకర ఎర్రనేల మీద, రాలిన వెదురాకు మీద, ఎండిన గడ్డి మీద జారేవాళ్లలో ఎక్కువమంది ఇలా వెనక్కి వాలినవాళ్లే. అలాంటి చోట పక్కకి తిరిగి, బూటు అంచు నేలలోకి దిగేలా అడ్డంగా దిగండి.

దిగుడు మొదలుపెట్టే ముందు కూర్చుని బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టండి. మడమను వెనక్కి నెట్టి, వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా. లేకపోతే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. చేతికర్ర విషయంలో నాకు రెండు అల్యూమినియం కర్రల కన్నా ఒక మంచి వెదురు కర్ర ఇష్టం. ఎక్కేటప్పుడు మోచేయి లంబకోణంలో ఉండేచోట పట్టుకోండి, దిగేటప్పుడు దానికి ఒక జానెడు పైన. అందుకే కర్ర ఛాతీ ఎత్తుకి తక్కువ ఉండకూడదు. టార్చి తలకు కట్టుకునేదే కొనండి. చేత్తో పట్టుకునే టార్చి కర్ర పట్టాల్సిన చేతిని తినేస్తుంది. నీళ్లు, తిండి సంగతి మొదటి పాఠంలోనే అయిపోయింది.

ఇక గెడ్డ, అంటే కొండవాగు. దారి తప్పితే గెడ్డ వెంబడి దిగిపో, ఊరొస్తుంది అనే సలహా ఈ కొండల చుట్టూ ప్రతి ఇంట్లోనూ ఉంది. మీలోనూ చాలామంది అదే పాటించారు. దయచేసి దాన్ని మరిచిపోండి. గెడ్డ చివర ఊరుంటుందన్నది నిజమే, కానీ ఆ ఊరికీ మీకూ మధ్య ఏముందో సలహా ఇచ్చేవాళ్లు చెప్పరు. నీరు అన్నిటికన్నా నిటారు దారిని ఎంచుకుంటుంది, మనిషికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. నీరు నునుపుచేసిన రాతి మీద రెండు మీటర్ల దిగుడు వస్తుంది, కూర్చుని జారిపోతారు. మళ్లీ పైకి ఎక్కడానికి పట్టు ఉండదు. యాభై అడుగుల తర్వాత పదిహేను మీటర్ల జలపాతం అంచు. ఇటు ఎక్కలేరు, అటు దిగలేరు. నీటి హోరులో మీ వాళ్ల ఈల వినబడదు. లోతైన లోయలో ఫోను సిగ్నలు అందదు, ఆకాశం సన్నని చీలికలా కనిపిస్తుంది కాబట్టి జీపీయస్ కూడా తప్పు చోటు చూపిస్తుంది. పైన ఎక్కడో వాన పడితే నీటిమట్టం పెరిగేది మీ దగ్గర. గజపతి జిల్లా అడవుల్లో ఏనుగులున్నాయి, మందస వైపు ఎలుగుబంట్లున్నాయి. సందెవేళ అవి నీటికి దిగేది కూడా గెడ్డకే.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు తీసి చూడండి. గోధుమరంగు ఎత్తురేఖలు మన కొండల్లో 20 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. ఆ రేఖల మొన ఎత్తైన వైపు చూస్తే అది గెడ్డ, పల్లం వైపు చూస్తే అది కొండ వెన్ను. దిగాల్సింది వెన్ను మీదుగా. రేఖలు ఒకదానికొకటి అంటుకుంటే అది కొండచరియ. అంటుకోనంత మాత్రాన ధైర్యపడకండి. పదిహేను మీటర్ల చరియ రెండు రేఖల మధ్య పూర్తిగా దాగిపోతుంది, షీటు మీద జాడ కూడా ఉండదు.

మరి తప్పిపోతే? పావుగంటలో దారి గుర్తు ఏదీ కనబడకపోతే ఆగి, కచ్చితంగా తెలిసిన చివరి చోటికి వెనక్కి ఎక్కండి. దిగినదంతా మళ్లీ ఎక్కాలంటే మనసొప్పదు. లెక్క వేయండి. 60 మీటర్లు ఎక్కడానికి నైస్మిత్ ప్రకారం 6 నిమిషాలు, మన ఒకటిన్నరతో 9. గెడ్డలో ఇరుక్కుంటే పోయేది రాత్రంతా. సవర గిరిజనుల పల్లెల కాలిబాటలు ఎక్కువగా వాలు మీదుగా, పోడు మళ్ల అంచున పోతాయి. పోడు కనబడితే ఊరికి బాట ఉన్నట్టే. ఆ బాట గెడ్డను దాటితే దాటండి, దాని వెంట మాత్రం తిరగకండి. దేవమాలి మీదికి వాహనాల రోడ్డు ఉంది కాబట్టి, అక్కడ మోకాళ్లు సహకరించకపోతే మొహమాటపడకుండా రోడ్డు పట్టుకోండి.

అభ్యాసం ఈసారి బరువైనదే. ఒక్కసారి దిగుడుకి అలవాటైన కండరం కొన్ని వారాలపాటు అదే దెబ్బను బాగా తట్టుకుంటుంది, అందుకే ఇది ముందుగా చేయాలి. మేడ మెట్లు డాబా దాకా సుమారు 6 మీటర్ల ఎత్తు. ఆరు కిలోల సంచి వేసుకుని, ఎక్కడం మీ ఇష్టం వచ్చినట్టు, దిగడం మాత్రం ప్రతి మెట్టుకు రెండు సెకన్ల చొప్పున. మొదటి వారం ఒకసారి 25 విడతలు, అంటే 150 మీటర్ల దిగుడు. రెండో వారం 50 విడతలు, 300 మీటర్లు. మూడో వారం ఊరి దగ్గరి ఏదైనా మెట్ట మీద. అసలు కొండకు పది రోజుల ముందు ఇదంతా ఆపేయాలి. తొడ నొప్పి ఫరవాలేదు. మోకాలి చిప్ప కింద గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ రోజే మానేసి డాక్టరుకు చూపించండి.

రెండో అభ్యాసం కాగితం మీద. మీరు వెళ్లబోయే కొండ షీటులో ఇరవై గెడ్డలకు నీలి గీత, ఇరవై వెన్నులకు ఎర్ర గీత గీయండి. తర్వాత మీ దారికి ఎక్కే సమయం, దిగే సమయం, తిరుగు సమయం లెక్కకట్టండి. ఆరో పాఠం ఆ మూడు అంకెలతో మొదలవుతుంది, అవి లేకుండా అది చదవకండి.