వాషింగ్టన్ ఫ్రెంచ్ బిస్ట్రోలో గుంటూరు అమ్మానాన్నలు ఏం అడగాలి, ఏం తినాలి

మా బ్రాడీపేటలో ఈ ఇంట్లో కాకపోతే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూనే ఉంటారు. పిల్లలు వాషింగ్టన్‌లో ఉంటే ఏదో ఒక సాయంత్రం లె డిప్లొమాట్‌కి తీసుకెళ్తామంటారు. రెస్టారెంట్ల యజమాని స్టీఫెన్ స్టార్ 2013లో ఫోర్టీన్త్ స్ట్రీట్‌లో తెరిచిన ఫ్రెంచ్ బిస్ట్రో, అంటే ఫ్రెంచి వంటల రెస్టారెంట్ అది, ఆ ఊళ్లో మంచి పేరుంది. మా అమ్మాయి కూడా నన్ను అక్కడికే తీసుకెళ్లింది. "మాకవేం పడవులే, మీరు తినండి" అని మంచినీళ్లు తాగి కూర్చోకండి. పిల్లలు ఎంతో ఇష్టంగా ముందే టేబుల్ బుక్ చేసి తీసుకెళ్తారు, వాళ్ల మనసు చిన్నబుచ్చొద్దు.

అన్నిటికన్నా ముందు ఉల్లిపాయ సూప్ సంగతి. పేరు చూసి శాకాహారమే అనుకుంటాం. కాదు. సన్నగా తరిగిన ఉల్లిపాయల్ని వెన్నలో, సన్న సెగ మీద ముప్పావుగంటో గంటో ఎర్రగా మగ్గబెట్టి, అందులో గొడ్డు ఎముకలు మరిగించిన స్టాక్ పోయడం ఫ్రెంచివాళ్ల ఆనవాయితీ. పైన బ్రెడ్ ముక్క, గ్రుయేర్ చీజ్ వేసి ఓవెన్‌లో పెడతారు. అసలైన గ్రుయేర్ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది కూడా దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే. అందుకని ఆర్డరివ్వక ముందే "డజ్ ఇట్ హ్యావ్ బీఫ్ స్టాక్?" అని అడగండి. మొహమాటపడొద్దు, సర్వర్లకు ఇవి రోజూ వినే ప్రశ్నలే. తెలియకపోతే వంటింట్లో కనుక్కుని వచ్చి చెప్తారు.

మీకు అభ్యంతరం లేకపోతే మాత్రం ఆ సూప్ తప్పకుండా తినండి. గిన్నె ఓవెన్‌లోంచి నేరుగా వస్తుంది, అంచు పట్టుకోవద్దు. చెంచాతో చీజ్ పొర చీల్చి, ఆవిరి కాస్త పోనిచ్చి, అప్పుడు మొదలుపెట్టండి. ఆ ఉల్లిపాయ తియ్యదనానికి మిరియాల పొడి చాలు. సంచీలోంచి కారప్పొడి తీయకండి, రుచంతా పోతుంది.

చేపలు తినేవాళ్లకు ఇలాంటి బిస్ట్రోల్లో ట్రౌట్ అమాండీన్ ఉందేమో చూడండి. పిండి అద్ది వెన్నలో వేయించి, బాదం పలుకులు, నిమ్మరసం వేసిస్తారు. కారం ఉండదు కానీ కమ్మగా ఉంటుంది. చికెన్ కావాలంటే రోస్ట్ చికెన్ చెప్పండి. కోకోవాన్ అనే ఇంకో చికెన్ వంటకంలో రెడ్ వైన్ పోస్తారు. స్టేక్ టార్టార్ అంటే పచ్చి గొడ్డు మాంసం, ఎస్కార్గో అంటే నత్తలు. సలాడ్‌లోనూ పంది మాంసం ముక్కలు ఉండొచ్చు, అదీ అడగండి.

పూర్తి శాకాహారులు బ్రెడ్, వెన్న, పుట్టగొడుగుల టార్ట్ అడగొచ్చు, కానీ అందులో ఏ చీజ్ వేశారో కనుక్కోండి. పైన చక్కెర కాల్చిన కస్టర్డ్ లాంటి క్రెమ్ బ్రూలేలో గుడ్డు సొన ఉంటుంది, దాని బదులు పళ్లరసం గడ్డకట్టించి చేసే సోర్బే మేలు.

బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్ మామూలు. సర్వీస్ చార్జ్ ముందే కలిపారేమో చూసి ఇవ్వమని పిల్లలకు గుర్తుచేయండి. మిగిలింది వదిలేయకండి, "బాక్స్ ప్లీజ్" అంటే డబ్బా ఇస్తారు. ఆ ట్రౌట్ ముక్క మర్నాడు వేడన్నంలో, పక్కన కాస్త ఆవకాయతో, చాలా బావుంటుంది.